తిప్పతీగ రసం

బాలేష్ తన్నిన తన్నుకు సీసా ఎగిరి గోడకు తగిలి భళ్లున పగిలింది. ఆకుపచ్చని రసం సిమెంటు గోడ మీదుగా జారి, డ్రమ్ములు కడిగిన నీళ్లలో కలిసిపోయింది.

"ఏందిరా జాషువా, బర్లకేసే గడ్డి పిండుకొచ్చినవా?"

షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. గాజు పెంకులు ఏరుతుంటే జాషువా వేలు తెగింది. నెత్తురు చాలాసేపు ఆగలేదు.

మేడ్చల్ దాటాక ఉన్న ఆ రంగుల కంపెనీలో రెండో షెడ్డు అంటే అందరికీ భయమే. అక్కడ థిన్నర్ డ్రమ్ములు కడగాలి. ఆ ఆవిరి మనిషి నెత్తురును లోపల్లోపలే తినేస్తుంది. మూడు నెలలకోసారి కంపెనీ రక్తపరీక్ష చేయిస్తుంది. హిమోగ్లోబిన్ లెక్క పదికి తగ్గినవాణ్ని ఇంటికి పంపేస్తుంది. బాగున్నవాణ్ని మాత్రం ఆ షెడ్డు నుంచి కదపదు.

జాషువా లెక్క నాలుగేళ్లుగా పదకొండున్నరకు తగ్గలేదు. అంతా రసం చలవే అంటాడు. సూరారంలో అతని ఇంటి గోడకు అల్లుకున్న తిప్పతీగ, దానికి తోడు గుప్పెడు మునగాకు. పొద్దున్నే తనే కోసి తనే నూరుతాడు. భార్య రేచల్‌ను కూడా రోలు ముట్టనివ్వడు.

బాలేష్ ఆ షెడ్డుకు మేస్త్రీ. అతని తమ్ముడు సత్తయ్య కూడా అక్కడే డ్రమ్ములు కడిగేవాడు. ముందు చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. తర్వాత ఒంటి మీద నల్లటి మచ్చలు లేచాయి. మూడు నెలల కింద చనిపోయాడు.

"తమ్ముడు పోయినకాడి నుంచి గాయనకు మంచిగున్నోళ్లను జూస్తె కండ్లమంట," అన్నాడు పక్కన పనిచేసే గౌరయ్య. "నువ్వయితే జోలికి పోకు. షెడ్డుల మేస్త్రీ మీద చెయ్యెత్తినోణ్ని మళ్ల గేటు దాటనియ్యరు."

జాషువా చెయ్యెత్తలేదు. మర్నాడు రసం ప్లాస్టిక్ సీసాలో తెచ్చుకున్నాడు. బాలేష్ దాన్ని బూటుకాలితో తొక్కి చితక్కొట్టాడు. మూడో రోజు అందులో ఉమ్మాడు. నాలుగో రోజు జాషువా మెడ పట్టుకుని గోడకేసి అదిమి, రసం మొత్తం నెత్తిన గుమ్మరించాడు.

ఆ సాయంత్రం రేచల్ భర్త చొక్కా మీది పచ్చని చారలు చూసింది.

ఏడాదిగా ఆమెది ఒకటే పోరు, ఆ షెడ్డు మానేయమని. అతను రిపోర్టు తెచ్చి ముఖం ముందు పెట్టేవాడు. బ్రష్షు మీద ఎర్రగా ఏదైనా కనిపిస్తే, గట్టిగా తోముకున్నానని అనేవాడు. ఈ మధ్యే ఆమె ఆ పోరు మానేసింది. ఇప్పుడు వేరే పోరు మొదలైంది.

"ఇయ్యాల నెత్తిన పోయించుకొచ్చినవా? నీ చేతులేమన్న పడిపోయినయా?"

"నౌకరి పోతదే."

"మొగోనివి అనుకున్న," అని రేచల్ కంచంలో అన్నం వడ్డించింది.

జాషువా కంచం పక్కకు జరిపి లేచాడు.

పదో రోజు మధ్యాహ్నం బాలేష్ సీసా లాక్కుని, మూత తీసి వాసన చూశాడు.

"మీ అమ్మ నాటిన తీగంట గదరా ఇది."

జాషువా తల ఎత్తాడు. తల్లి ఏసమ్మ పోయి ఆరేళ్లు. చివరిసారి మంచం దిగినప్పుడు ఆమె నాటిన మొక్క అది. ఆ సంగతి అతను షెడ్డులో ఎవరికీ చెప్పుకోలేదు.

"సీసా ఇటియ్యన్నా."

"పోయేటప్పుడు ఆమె గూడ గింతే కంపు కొట్టిందారా?"

డ్రమ్ము మూతలు విప్పే పానా చేతిలోకి ఎప్పుడొచ్చిందో జాషువాకు తెలియదు. మొదటి దెబ్బ దవడ మీద పడింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. రెండోది నోటి మీద పడింది. బాలేష్ డ్రమ్ముల మధ్య వెల్లకిలా కూలాడు. జాషువా అతని గుండెల మీద కూర్చుని పిడికిళ్లతో కొడుతూనే ఉన్నాడు. పళ్లు రాలి నేల మీద పడ్డాయి. బాలేష్ ఒక్క చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. నలుగురు కలిసి లాగితే గానీ జాషువా లేవలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు అతన్ని కర్రలతో బాది రోడ్డు మీద పడేశారు. సాయంత్రానికల్లా అతని ఫోటో గేటుకు అంటించారు, లోపలికి రానివ్వకూడదని.

పోలీసులు మాత్రం రాలేదు. కాలు జారి డ్రమ్ము మీద పడ్డానని బాలేష్ ఆసుపత్రిలో కాగితం మీద రాసిచ్చాడట.

"భయపడ్డడు," అన్నాడు జాషువా. వాచిన అతని కన్ను మీద రేచల్ తడిగుడ్డ అద్దుతోంది. "మళ్ల కనవడితే పానం తీస్త."

ఆమె గుడ్డను గిన్నెలో ముంచి గట్టిగా పిండింది.

"అవన్నీ ఇడిసిపెట్టు. శామీర్‌పేట కాడ నర్సరీల మొక్కలకు నీళ్లు పట్టే పనుంది. నువ్వు లేవంగనే రమ్మన్నరు."

బుధవారం ప్రార్థనకని చెప్పి రేచల్ ఇంట్లోంచి బయల్దేరింది. చర్చి దగ్గర ఆగలేదు. ఆటో ఎక్కి గండిమైసమ్మ దగ్గరున్న ఆసుపత్రిలో దిగింది.

బాలేష్ దవడకు తీగలు బిగించి ఉన్నాయి. ముఖం గుమ్మడికాయంత వాచింది. ఆమెను చూసి లేవబోయాడు. ఆమె వద్దని సైగ చేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. డబ్బాలోని రాగిజావలో స్ట్రా వేసి అతని పెదవుల మధ్య పెట్టింది. ఒక గుక్క దిగేదాకా ఆగింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అన్నా, ఎట్లన్న జేసి ఆయనను ఆ షెడ్డుల నుంచి ఎల్లగొట్టుమని నీ కాళ్లు మొక్కిన గనీ, నీ పండ్లు రాలేదాక రెచ్చగొట్టుమన్ననా?"