వీల్‌నామా

"నా రెండు చక్రాలు నాకిచ్చెయ్ అన్నయ్యా!"

"ఇచ్చేస్తే మిగతా రెండింటితో నేనేం చెయ్యన్రా, ఎడ్లబండికి కట్టుకోనా?"

ఆటోనగర్‌లో మెకానిక్ బడే మియా షెడ్డు ముందు హనుమయ్య, అతని తమ్ముడు పూర్ణయ్య ఒకే బండికి చెరో పక్క నిలబడి అరుచుకుంటున్నారు. అది ఏటీవీ. ఏ టీవీ అని అడక్కండి, ఇందులో బొమ్మ రాదు. చేపల చెరువు గట్ల మీద, బురదలో తిరగడానికి అన్నదమ్ములు కలిసి కొన్న మోటారు బండి. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతాయి. అదే ఇప్పుడు గొడవ. కైకలూరు దగ్గర చెరువులు పంచుకున్నారు, మోటార్లు పంచుకున్నారు, ఉన్న ఒక్క పెద్ద వలనీ మధ్యకి కత్తిరించి పంచుకున్నారు. బండి దగ్గరికొచ్చేసరికి ఫోర్ వీల్ డ్రైవ్ కాస్తా పోరు వీల్ డ్రైవ్ అయింది.

చివరికి పెద్దమనుషులు కూర్చుని తేల్చారు. వెనక చక్రాలు అన్నవి, ముందు చక్రాలు తమ్ముడివి. ఎవరు తోలినా అవతలివాడి చక్రాలు లాగకూడదు, ఊరికే దొర్లితే అభ్యంతరం లేదు. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు గనక ఊరు చెప్పిన వీల్‌నామా అన్నమాట.

"ఓ లీవర్ పెట్టు మియా," అన్నాడు హనుమయ్య, ఆ తీర్పు పట్టుకుని మళ్ళీ షెడ్డుకొచ్చి. "వెనక్కి వేస్తే నావి రెండే లాగాలి. ముందుకి వేస్తే వాడివి రెండే."

"మధ్యలో ఉంచితే నాలుగూ," అన్నాడు పూర్ణయ్య. "కానీ ఇద్దరం ఒప్పుకుంటేనే!"

బడే మియా గడ్డం గోక్కున్నాడు.

"ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళయితే నా దగ్గరికెందుకొస్తారండీ?" అని, లీవర్ బిగించి పంపాడు.

తర్వాత వానలు పట్టాయి. ఓ రోజు తెల్లారేసరికి హనుమయ్య చెరువులో చేపలు గాలాడక నోళ్ళు పైకెత్తాయి. ఆయన ఆక్సిజన్ బిళ్ళల బస్తాలు బండి మీద వేసుకుని పరుగున బయల్దేరాడు. సగం గట్టు దాటాక బండి దిగబడింది. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి ఆయన వీపంతా బురద పూశాయి. ముందు చక్రాలు, తీర్పు చెప్పి చేతులు దులుపుకున్న పెద్దమనుషుల్లా, చూస్తూ ఊరుకున్నాయి. వీల్ ఉంది గానీ వీలు లేదు. జేబులో సెల్‌ఫోన్ ఉంది గానీ తమ్ముడి నంబరు నొక్కడానికి వేలు రాలేదు.

ఇంజన్ రొద విని పక్క చెరువు మీంచి పూర్ణయ్యే పరిగెత్తుకొచ్చాడు.

"లీవర్ మధ్యకి లాగొచ్చుగా!"

"నీ చక్రాలు నువ్వు లేకుండా నేనెలా వాడతాన్రా?"

"అవతల చేపలు చచ్చిపోతున్నాయి అన్నయ్యా!"

"చస్తే నావి చస్తాయి. ఇచ్చిన మాట చావకూడదుగా."

పూర్ణయ్య ఒక్క క్షణం అన్న మొహంలోకి చూశాడు. బురద కింద ఏం కనిపించిందో ఏమో, కళ్ళు తుడుచుకుని, "నేనొప్పుకున్నా! తోలు!" అంటూ తనే లీవర్ మధ్యకి లాగాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టు పట్టాయి. బండి బురదలోంచీ, అన్నదమ్ములు బింకంలోంచీ బయటపడ్డారు. చేపలు బతికాయి.

మర్నాడే బండిని లారీ ఎక్కించి ఇద్దరూ ఆటోనగర్‌లో దిగారు.

"మియా, ఈ లీవర్ విప్పి పారెయ్," అన్నాడు హనుమయ్య. "మళ్ళీ నాలుగూ కలిసే లాగాలి."

"ఇది కళ్ళముందుంటే ఎప్పటికైనా చెయ్యి దానిమీదికే పోతుంది," అన్నాడు పూర్ణయ్య. "మళ్ళీ విడిపోతాం. ఇప్పుడే విప్పెయ్."

బడే మియా మొహం వెలిగిపోయింది. ఇద్దర్నీ చెరో పక్కా కావిలించుకున్నాడు. "అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి! ఒక్కతల్లి బిడ్డలు కొట్టుకుంటే చూడలేనండీ నేను!" అంటూ స్పెషల్ టీలు తెప్పించాడు. టీలు అయిపోయాయి. గ్లాసులు కూడా వెళ్ళిపోయాయి. మియా మాత్రం స్పానర్ ముట్టుకోడే!

"విప్పు మరి, మియా!" అన్నాడు హనుమయ్య.

బడే మియా షెడ్డు మధ్యలో అడ్డంగా నిలబెట్టిన రేకుల గోడ వైపు చూపించి, గొంతు తగ్గించాడు.

"దానికి మీరు అటుపక్కకి వెళ్ళాలండీ. మా పంపకాల్లో బిగించే పని నాకొచ్చింది, విప్పే పని మా తమ్ముడు తౌసిఫ్‌కెళ్ళింది. నేనే ఓ మాట చెబుదును గానీ, మాకు మాటల్లేవు."