తాళానికి ఒక్క వాక్యం

ఆ పెద్దాయన వచ్చి పక్క కుర్చీలో కూర్చోగానే ఆమె తన బ్యాగు తీసి అవతలి వైపు పెట్టుకుంది.

కూతురికో కొడుక్కో తోడొచ్చిన తండ్రి అనుకుంది. చొక్కా ఇస్త్రీ నలగలేదు గానీ కాలరు చిరుగు పట్టింది. ఎడమ కనుబొమ్మ మధ్యలో ఎప్పుడో పడ్డ కుట్టు, అంత మేరా వెంట్రుకలు లేవు. ఒళ్ళో పాత అట్ట ఫైలు ఉంది.

అది ప్రకటనల సంస్థ. ఉన్నది ఒక్క ఉద్యోగం, వచ్చింది పదకొండు మంది. ఆ సంస్థ పద్ధతే వేరు. తలా ఒక తెల్లకాగితం చేతికిచ్చి, ఒక వస్తువు పేరు చెప్తారు. గంటలో దానికి ఒకే ఒక్క వాక్యం రాసివ్వాలి. యజమానికి ఎవరి వాక్యం నచ్చితే వాళ్ళకే లోపలికి పిలుపు. ఇవాళ్టి వస్తువు తాళం కప్ప.

ఆమె చదివింది పబ్లిక్ రిలేషన్స్, అడ్వర్టైజింగ్ డిగ్రీ. క్లాసులో ఫస్టు. మెడలో పతకం వేసి మరీ పంపించారు. ఆ రోజు నుంచి బాబాయి ఆమెను 'పతకం' అనే పిలుస్తాడు. దాన్ని కుదువ పెడితే ఎంతొస్తుందే పతకం అని భోజనాల దగ్గర ఆట పట్టిస్తాడు. నాన్న మాత్రం నవ్వడు. ఆ డిగ్రీ కోసం చెప్పుల కొట్టు తాకట్టు పెట్టింది ఆయన మరి.

నెలాఖరులోగా అమ్మాయికి ఉద్యోగం వచ్చినట్టు కాగితం చూపిస్తే గడువు పెంచుతామన్నారు అప్పిచ్చినవాళ్ళు. లేదంటే కొట్టుకి వాళ్ళ తాళం పడుతుంది.

ఏడాదిలో ఆమె ఎక్కిన గుమ్మాల్లో ఇది పద్నాలుగోది.

అరగంటైనా కలం కదల్లేదు. చివరికి ఎలాగో 'అత్యాధునిక సాంకేతికతతో మీ సర్వస్వానికి సంపూర్ణ భద్రత' అని రాసింది. పెద్దాయన ఓరకంట చూశాడు. ఆయన చేతిలోనూ ఒక కాగితం ఉందని ఆమె అప్పుడే గమనించింది. ఈ వయసులో ఈయనకెందుకొచ్చిన తంటా అని లోలోపల నవ్వుకుంది కూడా.

అంతలో నాన్న ఫోన్ చేశాడు. ఇంకా పిలవలేదని గొంతు తగ్గించి చెప్పింది. అప్పిచ్చినవాళ్ళు పొద్దున్నే కొట్టు దగ్గరికి వచ్చి వెళ్ళారని ఆయన అన్నాడు. ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఫోన్ పెట్టేశాక పెద్దాయన మెల్లిగా పలకరించాడు. ఏం చదివావని అడిగాడు, ఏ కాలేజీ అని అడిగాడు. కాలేజీ పేరు వినగానే ఆయన మొహం వాడిపోయింది. అందులో ఎందుకు చేరావమ్మా అన్నాడు.

ఆమెకు ఉక్రోషం ముంచుకొచ్చింది. తాను చేరలేదని, నాన్నే చేర్పించాడని గడగడా చెప్పేసింది. కాలేజీవాళ్ళు పంచిన రంగుల పుస్తకంలో ఆరంకెల జీతం అని రాసి ఉందట. దాన్ని మూడు రోజులు తిరగేసి మరగేసి చదివి, నాలుగోరోజు కొట్టు కాగితాలు తీసుకెళ్ళాడట. ఇక్కడిచ్చే జీతం మా గుమాస్తాకిచ్చేదాని కంటే ఓ పిసరెక్కువ, అదైనా దొరికితే చాలండీ అంది.

 పెద్దాయన చేతిలో కాగితాన్ని మడిచాడు, మళ్ళీ మడిచాడు.

"ఇంటికి తాళం వేశాక మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

ఇదేం ప్రశ్న అనుకుంది. "లాగి చూస్తారండీ. మూడుసార్లు. వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ ఒకసారి."

"మరి అది రాయవేం?"

 ఆమె ఆ పెద్ద పెద్ద మాటలన్నీ కొట్టేసి, కింద నాలుగే మాటలు రాసింది.

'ఒక్కసారి లాగి చూడండి, చాలు.'

పదకొండు మందిలో లోపలికి పిలుపొచ్చింది ఆమె ఒక్కదానికే. యజమాని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, తన సొరుగుకున్న తాళాన్ని తనే లాగి చూసుకుని నవ్వాడు. పావుగంటలో ఉద్యోగం కాగితం చేతికొచ్చింది.

పెద్దాయనకి చెబుదామని పరుగున బయటికొచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది. రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగితే, ఆయన కాగితమే ఇవ్వలేదు, నువ్వు లోపలికి వెళ్ళగానే లేచి వెళ్ళిపోయాడు అంది.

కుర్చీ కింద నాలుగు మడతల కాగితం పడి ఉంది. విప్పింది. ముత్యాల్లాంటి అక్షరాలు.

'ఇక రెండోసారి లాగి చూడక్కర్లేదు.'

 ఆయన ముందే రాసుకున్నాడు, తనకంటే బాగా రాసుకున్నాడు. ఇచ్చి ఉంటే ఈ ఉద్యోగం ఆయనదే. మెట్లు దిగి వీధి మలుపు దాకా పరిగెత్తింది. ఎక్కడా లేడు. ఎవరో ఏమిటో, పేరైనా అడగలేదు.

ఇంట్లో నాన్న ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఉద్యోగం కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. బీరువా తీసి, అంచులు నలిగిన ఆ రంగుల పుస్తకం బయటికి తెచ్చి, మొదటి పేజీలో ఫోటో మీద వేలు పెట్టాడు.

"కొట్టు తాకట్టు పెట్టేటప్పుడు నా భయమంతా ఈయన మొహం చూసే పోయిందమ్మా. ఈయన అబద్ధం చెప్పడని నాకు అప్పుడే అనిపించింది."

ఏనాడూ సరిగా చూడని ఆ మొదటి పేజీ వైపు ఆమె ఇప్పుడు చూసింది.

'మా తొలి బ్యాచ్ విద్యార్థి, నేడు ఆరంకెల జీతం' అన్న అక్షరాల పైన, ఏనాటిదో పాత ఫోటోలో కోటు వేసుకుని కారుకి ఆనుకుని నవ్వుతున్న కుర్రాడి ఎడమ కనుబొమ్మ మధ్యలో అదే కుట్టు ఉంది.