ఉత్త పెట్రోలు

మెకానిక్ ఒవిదియో మోటారు రంపంలోంచి పిస్టన్ బయటికి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. చుట్టూ నిలువు గీతలు. గోళ్లతో రక్కినట్టున్నాయి.

"నూనె కలపలేదు," అన్నాడు. "ఉత్త పెట్రోలు పోసి నడిపావు."

షెడ్డు గుమ్మంలో ఉన్నవాళ్లంతా ఎవేలియో వైపు చూశారు. ఎవేలియో తల దించుకున్నాడు.

"ఇన్నేళ్ల నుంచీ చెట్లు కొడుతున్నావు గదా బావా," అన్నాడు తాచో. "పెట్రోల్లో నూనె మర్చిపోయావా? కాఫీలో చక్కెర మాత్రం ఒక్కరోజూ మర్చిపోవే!"

"రేపు ప్యాంటు కూడా మర్చిపోయి వస్తాడు," అన్నారెవరో.

అందరూ నవ్వారు. ఎవేలియో చెవులు ఎర్రబడ్డాయి.

సోమవారం ఊరి జట్టు మహాగని చెట్లు కొట్టడానికి అడవిలోకి పోతుంది. వానలు పడేదాకా అక్కడే మకాం. ఎల్ రమోనాల్‌ ఊళ్లో కట్టుబాటు ఒకటే: ఎవరి రంపం వాళ్లు తెచ్చుకోవాలి. రంపం లేనివాడు ఊళ్లోనే ఉండి, కోత మిల్లులో ముసలివాళ్ల పక్కన నిలబడి పలకలు పేర్చాలి.

"అయితే నన్ను మిల్లులో వేస్తారా?" అని అడిగాడు ఎవేలియో.

జట్టు పెద్ద మెలేసియో అతని భుజం మీద చెయ్యేశాడు.

"నిన్నా? చెట్టు ఎటు ఒరుగుతుందో నీలా చెప్పేవాడు ఇంకొకడున్నాడా? ఎట్లాగైనా బాగుచేయిద్దాం."

"పాత రంపం అన్నా, వదిలెయ్యండి. తప్పు నాది. మీకెందుకు శ్రమ?"

"నువ్వు నోర్మూసుకో."

ఆ ఊళ్లో పాడైన రంపాన్ని ఎవరూ పారెయ్యరు. తాచో తన అటక మీది రంపం విప్పి పిస్టన్, రింగులు తెచ్చాడు. ఇంకొకడు ప్లగ్గు తెచ్చాడు. సిలిండర్ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

"దొరకదులే," అన్నాడు ఎవేలియో. ఇంటికి పోవడానికి లేచాడు కూడా.

అప్పుడొచ్చింది ఎల్వియా. గోనెసంచిలో మొగుడు రూఫినో రంపం మోసుకొచ్చింది. అతను కిందటేడు కొమ్మ విరిగి మీద పడి చనిపోయాడు. అతన్ని అడవి నుంచి మోసుకొచ్చిన నలుగురిలో ఎవేలియో ఒకడు.

"నీదీ ఆయనదీ ఒకటే రకం గదా. సిలిండర్ తీసి పెట్టించుకో," అంది. "మూలన పడుండే బదులు అడవిలో మోగితే ఆయనకీ సంతోషం."

"వద్దు వదినా. నేను దీనికి తగను."

"ఏం మాటలవి? మర్చిపోనివాడు ఎవడున్నాడు?"

ఎవేలియో ఆమె ముఖం చూడలేకపోయాడు. ఆమె ఆకులో చుట్టి తెచ్చిన మొక్కజొన్న పిండి తమాలె అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని విప్పలేదు. ఒవిదియో సిలిండర్ బిగిస్తున్నంతసేపూ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

పొద్దు వాలేవేళకు పని అయింది. ఒవిదియో చెయిన్‌కు ఆకురాయి పట్టాడు. నూనె కలిపిన పెట్రోలు తనే ట్యాంకులో పోసి, రంపం ఎవేలియోకి ఇచ్చాడు.

"లాగు."

ఎవేలియో తాడు లాగాడు. స్టార్ట్ కాలేదు. మళ్లీ లాగాడు.

"పొద్దుట్నుంచీ తిండి తినలేదా బావా? ఇటివ్వు!" అని తాచో లాక్కున్నాడు. ఒక్క లాగుకే రంపం అందుకుంది. షెడ్డంతా పొగ కమ్మింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఎల్వియా శాలువా అంచుతో కళ్లొత్తుకుంది.

"సోమవారం, తెల్లారకముందే," అన్నాడు మెలేసియో.

ఎవేలియో రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు.

"ఎంత సంబరమో చూడండి," అన్నాడు తాచో.

అడవంటే భయం పట్టుకుందని ఎవరితోనూ చెప్పుకోలేక, ఆ పొద్దున పెరట్లో నూనె డబ్బా పక్కకు నెట్టి కావాలనే ఉత్త పెట్రోలు పోసి, ఇంజను బిగుసుకుపోయేదాకా ట్రిగ్గర్ వదలకుండా నొక్కి పట్టుకున్నాడు ఎవేలియో.