బిల్బావో విమానం

విమానం చక్రాలు నేలకి తగిలాయో లేదో, వీబ్కె బెల్టు విప్పేసుకుంది.

"బెల్టు దీపం ఇంకా ఆరలేదమ్మాయ్," అన్నాడు పక్కసీటు ముసలాయన.

"అది ఆరేదాకా కూర్చుంటే నా బిల్బావో విమానం వెళ్ళిపోతుంది."

"వెళ్ళిపోతే? రూలు రూలే కదా."

వీబ్కెకి ఒళ్ళు మండింది. బ్రెమెన్‌లో ఎక్కినప్పటి నుంచీ ఈయనది ఇదే వరస. బ్యాగు సీటు కిందికి తొయ్యి, ఫోను ఆపు, బల్ల మడిచిపెట్టు. నలభై ఏళ్ళు రైలు గార్డుగా చేశాడట. ఒక్కరి కోసం ఒక్క నిమిషం కూడా బండి ఆపలేదట. అదేదో ఘనకార్యమైనట్టు రెండుసార్లు చెప్పాడు.

అలాంటి మనిషికి తన గోడు చెప్పుకోవడం వీబ్కె బుద్ధితక్కువ. దుఃఖం ఆగక చెప్పేసింది. తమ్ముడు యాన్నెస్ బిల్బావో రేవులో నిచ్చెన మీంచి పడ్డాడు. సాయంత్రం ఆరింటికి తలకి ఆపరేషన్. "లోపలికి తీసుకెళ్ళక ముందే వచ్చి చూసుకోండి," అన్నాడు డాక్టరు.

చూసుకోండి అన్నాడు గానీ, భయం లేదని మాత్రం అనలేదు.

అంతా విని ముసలాయన "ఊఁ" అన్నాడు. అంతే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో తలుపు తెరిచేసరికి ఒంటిగంటా ఎనిమిది. బిల్బావో గేటు మూసేది ఒంటిగంటా ఇరవై అయిదుకి. ఆ తర్వాతి విమానం మళ్ళీ రేపే.

"గేటు నంబరు బోర్డు మీద చూసుకో," అన్నాడు ముసలాయన వెనకనుంచి.

"టికెట్టు మీద అచ్చేసి ఉంది. ఏ-18."

అచ్చులో ఉన్నది తప్పు కాదని ఆ దేశంలో ఉగ్గుపాలతో రంగరించి పోస్తారు. వీబ్కె బోర్డు వైపు తలెత్తకుండా పరిగెత్తింది.

"అటు కాదమ్మాయ్," అని ఓ కేక వినిపించింది. ఈసారి ఏం రూలో అనుకుంది. ఆగలేదు.

మెట్లు దిగింది. నేల కింద సొరంగం ఎంతకీ తరగలేదు. జనాన్ని తోసుకుంటూ, తిట్లు తింటూ పరిగెత్తింది. కళ్ళు మూసి తెరిస్తే యాన్నెస్ మొహమే. వాణ్ణి తోపుడు మంచం మీద తీసుకుపోతున్నట్టు, వాడు తలుపు వైపే చూస్తున్నట్టు.

ఏ-18 దగ్గర ప్రయాణికులెవరూ లేరు. ఒకామె మాత్రం నేల తుడుస్తోంది.

"బిల్బావో?" రొప్పుతూ అడిగింది వీబ్కె.

"అది బి-42కి మార్చారుగా. పొద్దున్నే మార్చారు. బోర్డు చూళ్ళేదా తల్లీ?"

బి. తను దిగింది అక్కడే.

గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. అయిపోయిందని తెలుసు. తెలిసీ మళ్ళీ అదే సొరంగంలో పరిగెత్తింది. ఆగితే వాడు పోతాడన్నంత భయం.

బి-42 చేరేసరికి ఒంటిగంటా ముప్ఫై నాలుగు.

తలుపు తీసే ఉంది.

కౌంటరు వెనక ఉద్యోగిని నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. కౌంటరు మీద వంగి, కాగితానికి చెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తున్నాడు పక్కసీటు ముసలాయన.

"వీబ్కె హార్మ్స్ మీరేనా? అదృష్టవంతులు," అందా ఉద్యోగిని టికెట్టు లాక్కుంటూ. "ఎప్పుడో మూసేయాల్సింది. ఈ పెద్దమనిషి ఫిర్యాదు రాసిస్తానన్నాడు. కాగితం చేతికిచ్చాక, సంతకం పెట్టి ఇచ్చేదాకా మేం కౌంటరు మూయకూడదు. పైలట్ రెండుసార్లు ఫోను చేసి తిట్టాడు."

"ఏమని ఫిర్యాదు?"

"చూడనిస్తేగా. ముత్యాల్లాంటి అక్షరాలు రావాలట."

పరుగు ఆగేసరికి, బిగపట్టుకున్న భయమంతా వీబ్కెకి కోపంగా తన్నుకొచ్చింది.

"మీరు మనిషేనా?" అంది ముసలాయనతో. "లోపల అంతమంది కూర్చుని ఉన్నారు. ఎవరికి ఏం ప్రాణసంకటం ఉందో. మీకు మాత్రం కాగితాలు కావాలి. నా తమ్ముడి సంగతి చెబితే కూడా ఊఁ అని ఊరుకున్నారు."

ఆయన తలెత్తి ఆమెని చూశాడు. నుదుటి మీద చెమట కారుతోంది. కుడికాలు నేల మీద సరిగా ఆనడం లేదు.

మళ్ళీ వంగి ఇంకొక్క మాట రాశాడు. సంతకం పెట్టాడు. కలం మూత బిగించాడు.

"అయిపోయింది. ఇక తలుపు వేసుకోవచ్చు," అన్నాడు ఉద్యోగినితో.

వీబ్కె వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. సీట్లో కూలబడి, యాన్నెస్ కోసం రెండు చేతులూ జోడించి కూర్చుంది. నాలుగింటికల్లా దిగుతుంది. వాణ్ణి చూస్తుంది.

ఆ ఉద్యోగిని విమానంలోకి వచ్చింది. పైలట్‌కి ఇవ్వాల్సినవేవో ఇచ్చి, వీబ్కె దగ్గర ఆగింది. ఇందాకటి విసురు ఆమె మొహంలో లేదు.

"ఇది నేను దాచుకోవాల్సింది కాదండీ. మీ దగ్గరే ఉండనివ్వండి."

ఫిర్యాదు కాగితం చేతిలో పెట్టి, గబగబా దిగిపోయింది. తలుపు పడింది. విమానం కదిలింది.

వీబ్కె కాగితం విప్పింది.

పైన, "ప్రయాణికుడి పేరు" అన్నచోట ఎగోన్ ట్రోయ్ష్ అని, "ఎక్కవలసిన విమానం" అన్నచోట గ్రాట్స్, ఒంటిగంటన్నర అని ఉంది. కింద "ఫిర్యాదు వివరాలు" అన్నచోట, గీతగీతకీ, ముత్యాల్లాంటి అక్షరాలతో "అమ్మాయి ఇంకా రాలేదు" అని, చిట్టచివరి గీత మీద "వచ్చింది" అని ఉంది.