దింపడానికొచ్చినవాళ్ళు

"దిగండి! అందరూ దిగండి!" గట్టు మీద నిలబడి మేనేజరు గొంతు చించుకున్నాడు. "ఫోన్లో చూశారుగా? ఈ నిమిషం నుంచి మీలో ఎవరికీ ఉద్యోగం లేదు!"

ఫెర్రీ మీద పనిచేసేవాళ్ళంతా చూశారు. పొద్దున్నే అందరి ఫోన్లూ ఒక్కసారే టింగుమన్నాయి. తీరా చూస్తే యజమాని వీడియో. ఇన్నాళ్ళ సేవకు ధన్యవాదాలట, సామాన్లు సర్దుకోవాలట, మధ్యాహ్నం ట్రిప్పు నుంచి ఏజెన్సీ మనుషులు పడవ నడుపుతారట. సగం జీతానికే దొరికారు మరి. పైగా ఆ మహానుభావుడు చెప్పినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

ఈ మేనేజరుకి హెడ్డాఫీసులో ముద్దుపేరు కత్తెర. ఎక్కడ అడుగు పెడితే అక్కడ సగం కుర్చీలు ఖాళీ అయిపోతాయి. అలాంటి కత్తెర కుర్చీకే ఇవాళ ఎసరొచ్చింది. మధ్యాహ్నం ట్రిప్పు కొత్తవాళ్ళతో బయల్దేరకపోతే నువ్వూ ఇంటికేనని యజమాని మొహం మీదే చెప్పాడు.

పడవ నడిపే సరంగు కమ్మీ మీద మోచేతులు ఆనించి తాపీగా కిందికి చూశాడు. "మేం దిగం సార్."

"దిగకపోతే ఏం చేస్తారు?"

"ఇక్కడే ఉంటాం."

వెనక నుంచి వంటావిడ గరిటెతో సహా ఊడిపడింది. "ఏమయ్యా, నువ్వు కడుపుకి అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా? ఇంతమందిని ఒక్కసారే రోడ్డున పడేస్తే మా పిల్లాజెల్లా ఏమైపోవాలి?"

"నన్నడిగితే నేనేం చెప్పనమ్మా? పైవాళ్ళని అడుగు."

"పైవాళ్ళు వీడియోలో ఉన్నారు. చేతికందేది నువ్వేగా!" అంటూ గరిటె ఎత్తింది.

పడవంతా గొల్లుమంది. మేనేజరు రెండడుగులు వెనక్కి వేసి, ఒళ్ళు మండిపోయి ఫోన్ తీశాడు. వాళ్ళకి వినపడాలని కావాలనే గొంతు పెంచాడు.

"హలో, ఏజెన్సీయేనా? ఇక్కడ పడవలోంచి కొంతమందిని దింపాలి. గార్డుల్ని పంపండి. నల్ల డ్రెస్సు, తల మీద టోపీ, మొహానికి ముసుగు, చూస్తేనే గుండె జారిపోవాలి. ఆఁ... ఎవరైతేనేం, చవగ్గా వచ్చేవాళ్ళని చూసి పంపండి. వెంటనే!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. సరంగు వంటావిడ వైపు చూశాడు. వంటావిడ ఇంజను మేస్త్రి వైపు చూసింది. అందరూ లోపలికి పోయి తలుపేసుకున్నారు.

"తిక్క కుదిరింది," అనుకున్నాడు మేనేజరు. టికెట్ల గదిలో ఫ్యాను కింద కాళ్ళు బారజాపుకుని టీ తెప్పించుకున్నాడు.

ఏజెన్సీ ఆఫీసు రేవు గేటు పక్కనే. రెండో టీ పూర్తయ్యేసరికి గార్డులు రానే వచ్చారు. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. అందరూ దిట్టంగానే ఉన్నారు, ఒకరు మాత్రం పొట్టిగా, గుండ్రంగా ఉన్నారు. చవగ్గా పంపమంటే ఇలాగే పంపుతారు మరి అని మేనేజరు సరిపెట్టుకున్నాడు.

"ఏం చెయ్యాలో తెలుసుగా?"

అందరూ తలూపారు. గట్టు నుంచి పడవకి వేసిన చెక్క మీదుగా ఎక్కి, తలుపు తోసుకుని లోపలికి పోయారు.

ఇక చూడాలి ఆ గోల! "అబ్బా! అమ్మో! చచ్చాన్రో!" గిన్నెలు దొర్లాయి. బల్లలు కూలాయి. ఎవరిదో చెంప ఛెళ్ళుమంది. మేనేజరుకి లోపల ఆనందం, పైకి భయం.

"మరీ చంపకండయ్యా, కేసవుతుంది!"

కాసేపటికి ఒక గార్డు బయటికొచ్చి సెల్యూట్ కొట్టాడు. "అయిపోయింది సార్. పాతవాళ్ళంతా వెనక నుంచి తాడు పట్టుకుని జారిపోయారు."

మేనేజరు వెళ్ళి చూశాడు. నిజమే, వెనకవైపు తాడు వేలాడుతోంది. ఏ గదిలోనూ నరమానవుడు లేడు.

"పొయ్యి కూడా ఆర్పేశాం సార్, నిప్పుతో ఎందుకొచ్చిన గొడవని," అన్నారు ఆ గుండ్రటి గార్డు ముసుగులోంచి.

"శభాష్! పనివాళ్ళంటే మీలా ఉండాలయ్యా. ఆ పాతవాళ్ళూ ఉన్నారు, ఎందుకూ పనికిరాని దద్దమ్మలు!" మేనేజరుకి ప్రాణం లేచొచ్చింది. గట్టు మీదికొచ్చి అప్పటికప్పుడే యజమానికి ఫోన్ చేసి పడవ మన చేతికొచ్చేసిందని చెప్పేశాడు. అవతలి నుంచి మెచ్చుకోలు కూడా వినపడింది. అంతటి అదృష్టం అతనికి ఇదే మొదలు.

ఇంతలో కొత్తవాళ్ళ బస్సు వచ్చి ఆగింది. సంచులు భుజాన వేసుకుని వాళ్ళు చెక్క దగ్గరికి నడిచారు. గార్డులు గోడ కట్టినట్టు అడ్డంగా నిలబడ్డారు.

"తప్పుకోండయ్యా, వీళ్ళు మనవాళ్ళే," అన్నాడు మేనేజరు.

ఒక్కరూ కదల్లేదు.

"చెవుడా ఏం? తప్పుకోండి! ట్రిప్పు టైమవుతోంది!"

టికెట్లు కొన్న జనం వెనక నుంచి తోసుకుంటున్నారు. "సార్, మేం ఎక్కాలా, బస్సెక్కి వెళ్ళిపోవాలా?" అని కొత్తవాళ్ళు అడుగుతున్నారు. జేబులో ఫోన్ మోగుతోంది, యజమానే. ఇక తన ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు మేనేజరు.

"నన్నెవరనుకుంటున్నారు? మాట వినకపోతే మిమ్మల్నందర్నీ ఇప్పుడే తీసిపారేస్తాను! ఏజెన్సీకి ఒక్క ఫోన్ కొడితే మీ స్థానంలో ఇంకో గుంపు వచ్చి వాలుతుంది, తెలుసా?"

ముందున్న గార్డు మెల్లగా ముసుగు కిందికి లాగాడు. సరంగు! పక్కన గుండ్రటి గార్డు టోపీ తీసి జుట్టు ముడేసుకుంటోంది. వంటావిడ.

"మీరా! మీ... మీరెలా..."

"ఏజెన్సీవాడు పేరూ ఊరూ అడగడు సార్, చవగ్గా వస్తావా అని ఒక్కటే అడుగుతాడు," అన్నాడు సరంగు. "కొట్టండి ఫోన్. గేటు దగ్గర మా తర్వాత లైన్లో నిలబడింది మా బావమరుదులే."