వాగు మలుపు కాడి కంప

దారికడ్డంగ మళ్లీ తుమ్మకంప.

మహీధర్ సారు ఉరుకుడు ఆపి, నడుము మీద చేతులు పెట్టుకొని, ఆ కంప దిక్కు పగోన్ని చూసినట్టు చూసిండు. వారం రోజుల్ల గిది నాలుగోసారి.

బయ్యారం గుట్టల నడుమ గంత చక్కటి దారి ఉన్నదని నలుగురికి చూపెట్టింది ఆయననే. మానుకోటల బడి పెద్దసారు. యాభై దాటినంక షుగరొచ్చి ఉరుకుడు మొదలుపెట్టిండు, గదే పిచ్చయింది. రోడ్డు పడ్డంక జనం మరిచిపోయిన కాలిబాట అది. రెండు దిక్కుల గుట్టలు, నడుమ మోదుగచెట్లు, కింద వాగు. వాగు మలుపు తిరిగే కాడ ఫొటో ఎట్ల దిగినా అందమే. ఆ ఫొటోలు చూసే పట్నమోళ్లు మూడొందల మంది ఆయన పెట్టబోయే పరుగుపందానికి పేర్లిచ్చిండ్రు. ఇంకా పదిహేను రోజులున్నది. బ్యానర్ మీద ‘దారి కనిపెట్టినవారు: మహీధర్’ అని అప్పుడే రాయించుకున్నడు.

ఆ మలుపు కాడనే కంప.

ఏస్తున్నది మొగిలి. వాగు ఒడ్డున గుడిసె, ఒంటి మనిషి, డెబ్బై దాటినయి. ఎడమ భుజం కిందికి కుంగి, ఒక పక్కకు ఒరిగి నడుస్తడు.

"గీడ దిగొద్దు సారు. పైన గుట్టల వాన పడితె గీ మలుపుల నీళ్లు చెప్పకుంట వస్తయి. జర పైకి పోయి రాళ్ల కాడ దాటుర్రి."

"నీకెట్ల తెలుసు?"

"గీ దారెంట నేను గూడ ఉరికిన సారు. ముప్పయ్యేండ్లు."

పరుగు పనులన్ని చూస్తున్న వ్యాయామం సారు యుగేందర్ కిసుక్కున నవ్విండు.

"ఏమేం మెడల్స్ వచ్చినయే తాతా?"

మొగిలి గూడ నవ్విండు.

"నాకేం రాలే బిడ్డా. వచ్చినయన్ని వేరేటోళ్లయే."

పిచ్చోడనుకున్నరు.

రాళ్ల కాడ దాటితె దారి అరకిలోమీటరు పెరుగుతది, ఫొటో పోతది. అడవి దారి ఆక్రమించి గుడిసె ఏసిండు, వచ్చేపోయేటోళ్లను ఆపుతున్నడు అని సారు కాయిదం రాసి, సంతకం పెట్టి, తెలిసినోళ్లను పట్టుకొని ఫారెస్టు ఆఫీసుల ఇచ్చిండు. రుజువుకని మొగిలి కంప పట్టుకొని నిలబడ్డ ఫొటో గూడ పెట్టిండు.

పరుగుకు రెండు రోజుల ముందు, శుక్రారం, ట్రాక్టరొచ్చి గుడిసె పీకింది. మొగిలి కంచం, చెంబు, దుప్పటి తీసుకపోయి మోదుగచెట్టు కింద పెట్టుకున్నడంట. శనారమంత ముసురే.

ఆదివారం పొద్దుగాల గుట్టలు కడిగినట్టున్నయి. జెండా ఊపిండ్రు. అందరికన్న ముందు సారు కొడుకు రాహుల్.

మలుపు కాడ మొగిలి ఉండనే ఉన్నడు. తడిసిన పంచె, చేతిల కంప. రాహుల్‌ను ఆపిండు, ఎనకొచ్చినోళ్లను ఆపిండు, అందరిని రాళ్ల దిక్కు మర్లగొట్టిండు.

ముచ్చట తెలిసి సారు బండేసుకొని వచ్చిండు. వచ్చుడు వచ్చుడే కంప గుంజి, మొగిలిని ఒక్క నూకుడు నూకిండు. ముసలాయన బురదల కూలవడ్డడు. ముండ్లు అరచేతిల దిగినయి.

"దింపకు సారు. చప్పుడు ఇనొస్తున్నది."

సారుకు ఏం ఇనరాలే.

జరసేపైనంక ఇనొచ్చింది. ఎర్రటి నీళ్లు, చెట్టుకొమ్మలను ఈడ్చుకుంట, మలుపు నిండ వచ్చినయి. రిబ్బన్లు కట్టిన కర్రలు అగ్గిపుల్లల లెక్క కొట్టుకపోయినయి.

రాహుల్ అప్పటికే రాళ్ల కాడ దాటి అవతలి గుట్ట ఎక్కుతున్నడు.

సారు ఆ నీళ్లను చూసిండు. మొగిలిని చూసిండు. బండెక్కిండు. నాది తప్పు అనేటందుకు గూడ నోరు రావాలె గద.

బహుమతుల కాడ మైకు పట్టుకొని, బడిల ఏటేట చెప్పే ముచ్చటనే మళ్లొకసారి చెప్పిండు. గుట్టల అవతలి ఊర్లె తను జరంతోని సోయి లేక పడున్ననాడు, నౌకరిల చేరే గడువు ఇంకొక్క దినమే ఉన్ననాడు, టపా మోసే ఆయనెవరో జోరు వానల సంచి నెత్తిన పెట్టుకొని నిండు వాగు దాటొచ్చి, నౌకరి కాయిదం అమ్మ చేతిల పెట్టి పోయిండంట. ఆయన రాకపోతె తను సారే కాకపోవునంట.

"గసొంటి మనిషి ఇయ్యాల కనవడితె కాళ్లు మొక్కుత," అన్నడు.

అందరు చప్పట్లు కొట్టిండ్రు.

మంగళారం పొద్దున పరుగోళ్ల గ్రూపుల యుగేందర్ ఒక ఫొటో పెట్టిండు. గదే, కంప పట్టుకొని నిలబడ్డది. మన కంప తాత దవాఖానల సచ్చిపోయిండు, గుడిసె లేక వానల నాని జరమొచ్చిందంట అని కింద రాసిండు.

సారు చాయ తాగుకుంట చూసి, ఫోను పక్కకు పెట్టిండు. ఎదురుంగ తల్లి సులోచన కూసున్నది.

"ఎవరు కొడుకా?"

"ఎవరో అమ్మా. వాగు కాడుండేటోడు."

ఆమె అద్దాలు పెట్టుకొని ఫోను అందుకున్నది. మొగం పోల్చలేకపోయింది. కిందికి కుంగిన ఆ ఎడమ భుజం మీద ఏలు పెట్టి, శానసేపు చూసింది.

"సంచి మోసి మోసి భుజం గిట్లయింది. నీ నౌకరి కాయిదం తెచ్చింది గీయననేరా. గంత వాగుల ఎట్ల దాటొచ్చినవన్నా అని నేనడిగితె, రాళ్ల కాడ దాటినమ్మా అన్నడు."