ఫ్రేముకు అడ్డం

"తాతా, రవ్వంత పక్కకు జరుగు. ఫ్రేముకు అడ్డమొస్తాండావ్."

ఫోను స్టాండు బిగిస్తూ చందన విసుక్కుంది.

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్డు అది. నిలువెత్తు రాతి మనిషి ఒకడు అక్కడ తయారవుతున్నాడు. చొక్కా గుండీలతో సహా ఒళ్లంతా అయిపోయింది. ముఖం మాత్రం ఇంకా మొరటు రాయే. దాని ఎదురుగా స్టూలు మీద ఎవరో ముసలాయన, పనీపాటా లేనట్టు కూర్చుని ఉన్నాడు.

శిల్పి వీరాచారి ఉలి ఆపి ఏదో అనబోయాడు.

"పోనీలేప్పా, ఆ పాప పని ఆ పాపది," అంటూ ముసలాయన స్టూలు ఎత్తుకుని గోడవారకు జరిగాడు.

చందనకు ఇది ఆఖరి అవకాశం. నంద్యాలలో చానెల్ పెట్టిన నాటి నుంచి ఆమె తీయని వీడియో లేదు. దోసెలు తీసింది, చీరలు తీసింది, శ్రీశైలం ఘాట్ రోడ్డు తీసింది. చూసినవాళ్లంతా చుట్టాలే. "మీకు ఏ టాపిక్ కావాలి?" అని అడిగితే జవాబిచ్చింది ఒక్క ఉమామహేశ్వరమ్మ అత్త. గోంగూర పచ్చడి కావాలంది.

రైసు మిల్లులో గుమాస్తాగా ఉన్న నాయన ఇక ఓపిక పట్టలేక, అదే మిల్లులో ఆమెకు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం మాట్లాడి వచ్చాడు. "ఈ ఒక్కటీ నడవకుంటే ఆ స్టాండు అటక మీదికే," అని తేల్చేశాడు.

"అన్నా, ఎవురీయన?" రాతి మనిషిని చూపిస్తూ శిల్పిని అడిగింది చందన.

"డ్రైవర్ ఏసయ్య. మిడుతూరు పక్క పల్లెలకు సాయంత్రం బస్సు తోలేటోడు. హైస్కూలు ఆడపిల్లలంతా ఎక్కినాకనే బండి కదిలించేటోడు. లేటైందని పైనోళ్లు మెమోలిచ్చినా వినల్యా. ఆ బస్సు దొరక్కపోతే ఆ పిల్లల్ను ఇండ్లల్లో చదువు మానిపించేటోళ్లు. ఇప్పుడు వాళ్లే నర్సులు, టీచర్లు. అందరూ కలిసి ఈ విగ్రహం చేపిస్తాండారు."

చందన గబగబా ఫోను స్టాండు సరిచేసుకుంది. ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది ఇదే.

"ఏం పాపా, ఇది జనానికి నచ్చుతాదా?" గోడవార నుంచి ముసలాయన అడిగాడు.

"నచ్చకేం తాతా! పోయినోళ్ల కథ చెప్తే కండ్లల్లో నీళ్లు తిరుగుతాయి. అట్ల తిరిగితేనే నలుగురికీ పంపిస్తారు."

"బతికుండేటోళ్లను చూడరా?"

"చూస్తారు, తిట్టేదానికి."

ముసలాయన పగలబడి నవ్వాడు. వీరాచారి దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు.

"ఇది నడిస్తే నీకేమొస్తాది?"

"మిల్లుకు పోయే పని తప్పుతాది తాతా. నాకు నచ్చిన పనితో నా కాళ్ల మీద నేను నిలబడతా."

ముసలాయన నవ్వు ఆపి స్టూలు మీది నుంచి లేచాడు.

రేకుల షెడ్డులో వెలుతురు చాలడం లేదు. ఎండను విగ్రహం మీదికి మళ్లించడానికి చందన తెల్లటి థర్మకోల్ షీటు తెచ్చుకుంది కానీ, పట్టుకునే దిక్కు లేదు.

"ఇటియ్, నేను పట్టుకుంటా."

"చేతులు నొప్పి పుడతాయి తాతా."

"నా చేతులకేంగానీ, నువ్వు తొందరగా తీసుకో."

ఆమె చెప్పిన వైపల్లా షీటు తిప్పుతూ, పని అయ్యేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. ఒకచోట ఆయన మోచేయి వీడియోలో పడితే, ఎడిటింగులో చందన దాన్ని కత్తిరించేసింది.

'ఆడపిల్లల బస్సు నడిపిన అమరుడు డ్రైవర్ ఏసయ్య' అని పేరు పెట్టి, చివర దీపం బొమ్మ కూడా చేర్చింది.

వీడియో ఎక్కడా ఆగలేదు. నంద్యాల బస్టాండులో ఆటోవాళ్లు కూడా అదే చూస్తున్నారు. మిల్లుకు వచ్చిన రైతులందరికీ నాయన ఫోను చూపించి, "మా పాప తీసిందప్పా," అంటున్నాడు. ఉద్యోగం ఊసే మళ్లీ ఎత్తలేదు. చందన కాళ్లు నేల మీద ఆనడం లేదు. గర్వంగా ఉండదూ మరి!

అప్పుడు వచ్చింది ఫోను.

"నేను ప్రసన్నకుమారిని. నర్సును. ఆ బస్సులోనే పోయి చదువుకున్నదాన్ని. విగ్రహం చేపిస్తాండేది మేమే."

"వీడియో చూసినావా అక్కా?"

"చూసినాం చెల్లీ. మా పిల్లోళ్లను కూచోబెట్టి చూపించినాం. మేము చెప్పుకోలేనిది నువ్వు చెప్పినావ్, మాకు చానా గొప్పగా ఉంది. కాకపోతే ఒక మాట. డ్రైవర్ మామ బతికే ఉండాడు."



"మరి... విగ్రహం?"

"పోయినాక పెడితే ఆయనకేం తెలుస్తాది? కండ్లారా చూసుకోవల్లని మేమే పట్టుబడితిమి."

"అయ్యో! ఇప్పుడే తీసేస్తానక్కా. ఆయన యాడుంటాడో చెప్పు. కాళ్లు పట్టుకుని క్షమించమంటా, మళ్లీ తీస్తా."

"తీసేయొద్దన్నాడు. మళ్లీ తీసేదానికీ రాడంట. 'ఆ పాప ఇప్పుడిప్పుడే ఎక్కింది, నడిమధ్యలో దింపొద్దు. చచ్చినోడిగానే ఉంటా, నాకేం నొప్పి?' అన్నాడు."



"నా సంగతి ఆయనకెట్ల తెలుసక్కా?"

ప్రసన్నకుమారి ఫక్కున నవ్వింది.

"ముఖం చెక్కేదానికి ఫొటో చాలదు, మనిషే ఎదురుగా కూచోవల్ల అని శిల్పి అంటే, నువ్వు వీడియో తీసిన పొద్దు ఆయన్ను ఆళ్లగడ్డ బస్సెక్కించింది నేనే."

రాతి ఏసయ్యకు అడ్డమొస్తున్నాడని ఆ రోజు చందన పక్కకు జరిపింది, అసలు ఏసయ్యనే.